ఆయుధమును దాని పెట్టెయు

మనుష్యుడు వస్తువులను రెండు విధములుగా కూడబెట్టును. మొదటిది అక్కరకొరకు కూడబెట్టుట. ధాన్యము, వస్త్రము, ధనము ఈ కోవలోనివి. రెండవది అక్కర తీరిపోయిన పిమ్మట కూడబెట్టుట. చెల్లని నాణెములు, ముద్రపడిన తపాలాబిళ్లలు, నిలిచిపోయిన గడియారములు, పేలని తుపాకులు ఈ కోవలోనివి. మొదటిదానికి ఎక్కడనో ఒకచోట హద్దు కనబడును. గాదె నిండినచో రైతు ఆగును. రెండవదానికి అట్టి హద్దు లేదు. అక్కరయే లేనిచోట 'చాలు' అను మాటకు తావెక్కడ? అందుచేత నీతిని విచారించువారు మొదటిదానికంటె రెండవదానిని గూర్చియే ఎక్కువగా ఆలోచింపవలసియున్నది.

ఈ రెండవ కోవలో మిక్కిలి విచిత్రమైనది పాత రివాల్వరులను సేకరించువారి అలవాటు. పందొమ్మిదవ శతాబ్దపు రివాల్వరు చేతికి చిక్కినంత మాత్రమున వారికి తృప్తి కలుగదు. ఆ రివాల్వరునకు సరిపడు కొలతలో, ఆ కాలమున అమ్మిన తూటాల పెట్టె కూడ కావలెను. పెట్టెమీది చీటి చెదరక యుండవలెను; కర్మాగారము పేరు స్పష్టముగా చదువ వీలుకావలెను; మూత అంచులు చిరుగక యుండవలెను. పెట్టె దొరకువరకు ఆ ఆయుధము వారి కంటికి తల లేని విగ్రహమువలె తోచును. దొరికిన నాడు రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి, కన్యకు తగిన వరుని తెచ్చిన తండ్రివలె సంతోషింతురు. ఒక ఖాళీ అట్టపెట్టె కొరకు ఇంత ఆరాటమేల అని ఇంటివారు నవ్వవచ్చును. కాని ఆ ఆరాటమునందు నవ్వి విడువరాని ప్రశ్న యొకటి యున్నది. చంపుటకై చేసిన వస్తువును అందమునకై దాచుట నిర్దోషమైన పనియేనా? దానిని సంపూర్ణము చేయవలెనను కోరిక ఎట్టిది?

ఈ అలవాటు అర్థము కావలెనన్న ఆ ఆయుధము పెరిగిన తీరును కొంత తెలిసికొనవలెను. అమెరికా దేశీయుడగు శామ్యూల్ కోల్టు తన తిరుగుడు తుపాకికి 1836లో ఆ దేశమున పేటెంటు పొందెను. తొలినాటి రివాల్వరులో ఒక్కొక్క గదియందు తుపాకిమందు పోసి, సీసపు గుండు దట్టించి, వెనుకవైపున రాగిటోపీ తొడుగవలెను. టోపీతో పేలు తుపాకులకు ఉత్తర హిందూదేశమున 'టోపీదారు' అని పేరు వచ్చుటకు కారణమిదియే. శ్రమ తగ్గించుటకై మందును గుండును కలిపి పలుచని కాగితములో చుట్టి అమ్మసాగిరి. ఆ కాగితపు తూటాలు సుకుమారములు; తడిసినను నలిగినను చెడిపోవును. కావున చిన్న కొయ్యదిమ్మెకు గుంటలు తొలిచి, ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క తూటాను నిలిపి, పైన కాగితము చుట్టి, చీటి అంటించి అమ్మెడివారు. 1857లో స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ లోహపు తూటాతో పనిచేయు చిన్న రివాల్వరును విపణికి తెచ్చెను. ఆ పిమ్మట కాగితపు తూటా క్రమముగా మరుగుపడి, లోహపు తూటాలు నింపిన అట్టపెట్టె ప్రచారములోనికి వచ్చెను. లండనులోని ఈలీ సోదరుల పేరు, బర్మింగుహాములో 1862లో మొదలైన కైనాకు సంస్థ పేరు అట్టి పెట్టెలపైననే లోకమంతట తిరిగినవి. హిందూదేశమున పుణె చెంతనున్న ఖడ్కీలో 1869లో స్థాపింపబడిన ప్రభుత్వ కర్మాగారమునుండియు తూటాలు వెలువడినవి.

ఇవి గాక ధనికులకొరకు మహాగని లేక ఓకు కొయ్యతో చేసిన పెట్టెలుండెడివి. వాని లోపల మెత్తని గుడ్డ పరచి, రివాల్వరునకు, మందుబుడ్డికి, గుండ్ల అచ్చునకు, టోపీల డబ్బాకు, నూనెబుడ్డికి వేరువేరు అరలు కట్టెడివారు. ఈ కొయ్యపెట్టెలు నిలుచుటకై చేసినవి. అవి నేటికిని కనబడుచున్నవి. అట్టపెట్టె సంగతి వేరు. రివాల్వరును చేసినవాడు అది తరతరములు నిలువవలెనని చేసెను. అట్టపెట్టెను చేసినవాడు దానిని తెరచినవాడు మరుక్షణమున పారవేయునని తెలిసియే చేసెను. పారవేయదగినది గనుకనే అది మిగులలేదు. మిగులలేదు గనుకనే నేడు దానికి ఇంత వెల. సూరతు వంటి తేమగల నదీతీర నగరమున కాగితము నూరేండ్లు నిలుచుట మరింత అరుదు. 2006 ఆగస్టులో తపతీనది పొంగి ఆ నగరములో అధికభాగమును ముంచినపుడు ఎన్ని యిండ్ల కాగితములు బురదలో కలిసినవో లెక్కపెట్టగలవా రెవరు?

సూరతు పేరు ఇచ్చట ఊరక వచ్చినది కాదు. ఆయుధమును పెట్టెను కలిపి ఆలోచింపదలచినవానికి ఆ నగరము తగిన చోటు. 1608లో ఇంగ్లీషువారి 'హెక్టరు' అను ఓడ ఆ రేవునకు వచ్చెను. 1612లో సమీపముననున్న సువాలి వద్ద ఇంగ్లీషు ఓడలకును పోర్చుగీసు ఓడలకును యుద్ధము జరిగెను. మరుసటి సంవత్సరము సూరతులో ఇంగ్లీషువారి వర్తకశాల నిలిచెను. 1664లోను మరల 1670లోను శివాజీ సైన్యములు ఆ సంపన్న నగరమును కొల్లగొట్టినవి. పదునారవ శతాబ్దమున ఖుదావంద్ ఖాను తపతి ఒడ్డున కట్టించిన కోట నేడు ప్రదర్శనశాలగా మారినది. వర్తకమును ఆయుధమును ఆ ఊర ఇరుగుపొరుగువారివలె కాపురము చేసినవి.

పెట్టెల పనియు ఆ ఊరికి ప్రసిద్ధమే. 'సాదేలి' అను పొదుగుపని పారశీక దేశమునుండి వచ్చి పశ్చిమతీరమున పాదుకొన్నదని చెప్పుదురు. దంతము, నల్లచేవ, దుప్పికొమ్ము, తగరము, రంగుకొయ్య మున్నగువానిని సన్నని కడ్డీలుగా చెక్కి, త్రికోణములు షట్కోణములు ఏర్పడునట్లు కట్టగట్టి, జిగురుతో అతికి, ఆ కట్టను అడ్డముగా పలుచని రేకులుగా కోయుదురు. కోసిన ప్రతి రేకునందును అదే నక్షత్రము కనబడును. ఆ రేకులను చందనపు పెట్టెపై వరుసగా అతికి నునుపు చేసినచో ఆకాశమును తెచ్చి మూతపై పరచినట్లుండును. ఈ పని చేయు పారశీ కుటుంబమునకు పేటిగరా అను ఇంటిపేరు కలదు. పేటికలు చేయువారని దాని అర్థము. పందొమ్మిదవ శతాబ్దమున ఇట్టివి 'బొంబాయి పెట్టెలు' అను పేర ఇంగ్లండు చేరి, అచ్చటి స్త్రీల కుట్టుపని సామగ్రికిని నగలకును నెలవైనవి.

ఇచ్చట ఒకరు అడుగవచ్చును: సాదేలి పెట్టె నిర్దోషమైనది, తూటాల పెట్టె దోషయుక్తమైనది అని చెప్పుట సులభము కదా, ఇందు విచారింపవలసినదేమి? కాని విషయ మంత సులభము కాదు. సాదేలి నక్షత్రములోని తెల్లని మొన ఏనుగు దంతము. నగలు తప్ప మరేమియు నెరుగని ఆ పెట్టె వెనుక అడవిలో కూలిన ఏనుగు లున్నవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనమును, దానికి 1986లోను 1991లోను జరిగిన సవరణలును దంతపు వర్తకమును నిషేధించిన పిమ్మట ఆ పనివారు దంతమును విడిచి ఇతర ద్రవ్యములతో ఆ నక్షత్రములనే కూర్చుచున్నారు. అందము చెడలేదు. దీనినిబట్టి ఒక సంగతి తేలుచున్నది. పెట్టె పవిత్రమా అపవిత్రమా అని దాని రూపమును చూచి నిర్ణయింపరాదు. అది దేనితో చేయబడెను, దేనికొరకు చేయబడెను, ఇప్పుడు దానిని ఉంచుకొన్నవాడు దానినుండి ఏమి కోరుచున్నాడు అను మూడు ప్రశ్నలు వేయవలెను. మొదటి రెంటికి సమాధానము చరిత్ర చెప్పును. మూడవదానికి సేకరించినవాడు తనకు తానే చెప్పుకొనవలెను.

అతడు సామాన్యముగా చెప్పు సమాధానములు మూడు. ఈ ఆయుధము పాతబడినది, ఎవరికిని హాని చేయదు అనుట మొదటిది. ఇది చరిత్రకు సాక్షి, దీనిని కాపాడుట విద్యకు సేవ అనుట రెండవది. ఇది శిల్పము, సౌందర్యమునకు పాపమంటదు అనుట మూడవది. ఈ మూడును తేలికగా త్రోసివేయదగినవి కావు, ఒక్కొక్కదానిని పరీక్షింపవలెను.

మొదటి సమాధానమునకు శాసనబలము కొంత కలదు. 1959 నాటి ఆయుధ శాసనము, బాగుచేసినను పేల్చుటకు పనికిరాని, వాడుకతప్పిన లేక పురాతనమైన ఆయుధమును తన నిబంధనలనుండి మినహాయించినది. 1972లో వచ్చిన పురావస్తు శాసనము నూరేండ్లు దాటిన వస్తువులను దేశపు సొత్తుగా భావించి, ప్రభుత్వపు అనుమతి లేక దేశమును దాటిపోరాదని కట్టడి చేసినది. ప్రాణమున్న తూటాకు మాత్రము అనుమతిపత్రము కావలసినదే. ఖాళీ పెట్టెకు అక్కరలేదు. పేలునా పేలదా అనునదే శాసనమునకు ముఖ్యము. రాజ్యము అడుగవలసిన ప్రశ్నయు అదియే. కాని శాసనము మినహాయించిన ఆ ఖాళీ పెట్టె ఏమి చెప్పుచున్నదో వినుడు. ముద్ర చెదరక నిండుగా మిగిలిన పెట్టె, తనలోని గుండ్లు ఎవరిని చేరలేదని చెప్పును. ఖాళీ పెట్టె, తనలోనివి ఎక్కడికో పోయినవని చెప్పును. వానిలో పెక్కు చాందుమారీలో అట్టలకు తగిలి నేలరాలియుండవచ్చును. కొన్ని తగులరానిచోట తగిలియుండవచ్చును. శాసనము దృష్టిలో నిరపాయమైన పెట్టెయే సాక్ష్యము దృష్టిలో భారమైన పెట్టె. హాని చేయజాలదు అనుట భవిష్యత్తును గూర్చిన మాట. పెట్టె చెప్పునది గతమును గూర్చిన మాట. ఒకదానితో రెండవదానికి సమాధానము చెప్పినట్లు కాదు.

ఈ సందర్భమున గుజరాతు దేశపు పెద్ద పండితుడొకడు చేసిన విచారణ జ్ఞప్తికి తెచ్చుకొనదగినది. పండ్రెండవ శతాబ్దమున అణహిలవాడ పట్టణమున కుమారపాల చక్రవర్తికి గురుస్థానీయుడైన హేమచంద్రాచార్యుడు తన 'యోగశాస్త్రము'న జైన గృహస్థుల వ్రతములను వివరించెను. ఆ పండ్రెండు వ్రతములలో అనర్థదండ విరమణము ఒకటి. అర్థము అనగా ప్రయోజనము. ప్రయోజనము లేని హింసను విడుచుట ఈ వ్రతము. బ్రతుకుటకై తప్పక జరుగు హింస వేరు, ఊరక జరుగు హింస వేరు అని గుర్తించి, గృహస్థుడు రెండవదానినైనను మానవలెనని దీని తాత్పర్యము. ఆయుధములను ఇతరుల కిచ్చుట ఈ అనర్థదండములలో ఒకటిగా చెప్పబడినది. అంతకంటె సూక్ష్మమైన మాట మరియొకటి గలదు. ఈ వ్రతమునకు భంగము కలిగించు అతిచారములు ఐదు. వానిలో ఒకదానికి సంయుక్తాధికరణమని పేరు. అధికరణము అనగా హింసకు సాధనమగు వస్తువు. అట్టి సాధనపు భాగములను ఒకదానితో నొకటి చేర్చి యుంచుట సంయుక్తాధికరణము. రోలుతో రోకలిని, నాగలితో కర్రును, బండితో కాడిని, వింటితో బాణమును కలిపియుంచుట ఇందుకు ఉదాహరణములు. కలిసియున్న సాధనమును ఎవడు వచ్చినను తీసికొనిపోయి వెంటనే వాడవచ్చును. విడివిడిగా నున్నచో వానిని వారించుట సులభము.

ఎనిమిదివందల యేండ్లకు పూర్వము గుజరాతులో చెప్పిన ఈ మాట రివాల్వరునకు తూటాల పెట్టెను జతచేయు నేటివానికి ఎంత సూటిగా తగులుచున్నది! రివాల్వరు ఒక్కటియే ఉన్నపుడు అది ఇనుపముక్క. తూటా ఒక్కటియే ఉన్నపుడు అది సీసపుముక్క. రెండును కలిసినపుడే మృత్యువునకు రూపు వచ్చుచున్నది. సేకరించువాడు సంపూర్ణత అని దేనిని పిలుచుచున్నాడో దానినే ఆ ఆచార్యుడు అతిచారమని పిలిచెను. ఐదు అతిచారములలో మరియొకటి ఉపభోగాతిరిక్తత. అనుభవించుటకు కావలసినదానికంటె ఎక్కువ కలిగియుండుట. ఇదియు సేకరించువానికి వర్తింపకపోదు.

తెలుగు పాఠకుడు ఇచ్చట ఒక ఆక్షేపణ తెలుపవచ్చును. నాగలికి కర్రు బిగించుట పాపమైనచో అన్నమెట్లు పుట్టును? సూరతులో మరమగ్గములపై పనిచేయు తెలుగు పద్మశాలీలు తెలంగాణపు పల్లెలనుండి అంతదూరము పోయినది నాడెను మగ్గమును కలుపుటకే కదా? ఆక్షేపణ న్యాయమైనదే. కాని ఆ సూత్రము నాగలిని నిషేధింపలేదు. పొలములో కర్రు బిగించిన నాగలికి ప్రయోజనమున్నది. అది అనర్థము కాదు. పని ముగిసిన పిమ్మట పెరటిలో కర్రు బిగించియే పడియున్న నాగలికి ప్రయోజనము లేదు. దానివలన కలుగు కీడునకు యజమాని అజాగ్రత్తయే కారణము. కావున తప్పు కలుపుటలో లేదు, పని లేక కలిపియుంచుటలో ఉన్నది. ఈ గీటురాతిపై గీచి చూచినచో, అద్దాల బీరువాలో ఏ ప్రయోజనమును లేక ప్రక్కప్రక్కన నిలిచిన రివాల్వరును పెట్టెయు నాగలికంటె మగ్గముకంటె భిన్నముగా కనబడును.

మహాభారతము ఎరిగినవారికి ఈ భావము క్రొత్త కాదు. అజ్ఞాతవాసమునకు పోవుచు పాండవులు జమ్మిచెట్టుపై ఆయుధములను దాచినపుడు, మొదట వింటినారులను సడలించిరి. పిమ్మట అన్నిటిని కట్టగట్టి చెట్టుపై నిలిపి, ఎవరును దరిచేరకుండుటకై అచ్చట శవమును కట్టిరి. తిక్కన విరాటపర్వము చదివిన తెలుగువారందరికి ఈ ఘట్టము తెలిసినదే. నారి సడలించిన విల్లు విల్లే. దాని గౌరవము తగ్గలేదు. కాని ఏడాదిపాటు అది సంయుక్తము కాదు. అక్కడ కట్టిన శవము ఇతరులను భయపెట్టుటకే గాక, ఈ కట్టలోనిదేమో దాచినవారికి సైతము జ్ఞాపకము చేయుటకు కూడ పనికివచ్చినదని అనుకొనవచ్చును. నేటి బీరువాలలో రివాల్వరు ఉండును, పెట్టె ఉండును, మెరుగుబట్ట ఉండును. ఆ జ్ఞాపకము మాత్రము ఉండదు.

ఇక రెండవ సమాధానము: చరిత్రకు సాక్షి. ఇందు గట్టి సత్యమున్నది. హిందూదేశ చరిత్రలో తూటాకు చుట్టిన కాగితము ఎన్నడును వట్టి కాగితము కాదు. 1857లో ఎన్‌ఫీల్డు తుపాకి తూటాల కాగితమునకు ఆవుకొవ్వు పందికొవ్వు పూసిరను వార్త సిపాయిల బారకులలో నిప్పువలె ప్రాకెను. ఏప్రిలు 24వ తేదీన మీరటులో తొంబదిమంది సవారులలో ఎనుబదియైదుగురు ఆ తూటాలను ముట్టము అనిరి. వారిని సంకెళ్లలో నిలిపిన మరునాడు, మే 10వ తేదీన, విప్లవము చెలరేగెను. తుపాకి కాదు, గుండు కాదు, దాని పైచుట్టు ఒక మహారాజ్యమును కదలించెను. ఆంధ్రదేశమున 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు అనుచరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై పడి తుపాకులతోపాటు తూటాలను తీసికొనిరి. తూటా లేని తుపాకి కర్రతో సమానమని మన్యపు వీరులకు తెలియనిది కాదు. ఇట్టి చరిత్రకు సంబంధించిన పెట్టె యొకటి మిగిలియున్నచో దానిని కాపాడుట పుణ్యకార్యమే. దానిని కరిగించి, చింపి, నిప్పులో వేయుమనువాడు అహింసావాది కాదు, అవివేకి.

అయినను చరిత్ర అను మాటను నిజముగా పలికినవాడు చరిత్రకు పూర్తిగా లొంగియుండవలెను. పెట్టెమీది చీటిని చదువువాడు పెట్టెను నింపినవారి కథ కూడ తెలిసికొనవలెను. ఈలీ సోదరులలో విలియం ఈలీ 1841లో పేలుడుమందు పేలి మరణించెను. 1862 సెప్టెంబరు 17వ తేదీన అమెరికాలోని పిట్స్‌బర్గు చెంత అలెఘెనీ ఆయుధాగారమున తూటాలు చుట్టుచున్న గదులు పేలిపోయి డెబ్బదియెనమండుగురు ప్రాణములు కోల్పోయిరి. వారిలో అత్యధికులు బ్రతుకుతెరువునకై పనికి వచ్చిన యువతులు. గుండు తుపాకిలో చేరకమునుపే ఇంతమందిని బలిగొన్నది. పెట్టె అంచులు చిరిగినవా లేవా అని భూతద్దముతో చూచువాడు దానిని చుట్టిన వ్రేళ్లను గూర్చి ఎన్నడైనను తలచినాడా? తలచినచో అతడు చరిత్రకు సేవకుడే. తలపనిచో చరిత్ర అతనికి ఒక సాకు మాత్రమే.

చరిత్ర పేరిట జరుగు మరియొక అపచారము కలదు. కలకత్తాలోనో కరాచీలోనో ఒకని నడుమున వ్రేలాడిన రివాల్వరునకు, ఎన్నడును ఇంగ్లండు దాటని పెట్టెను నూటయేబది యేండ్ల తరువాత తెచ్చి జతచేయుదురు. రెండును నిజమైనవే, జత మాత్రము అబద్ధము. ఆ జతను చూచువాడు ఇవి రెండును పుట్టుకనుండి కలిసియున్నవని నమ్మును. అమ్మువాడు ఆ నమ్మకమునకు వెల కట్టును. కొందరు ఇంకను ముందునకు పోయి, పాత చీటీల పోలికతో క్రొత్త చీటీలు అచ్చువేయించి, టీనీటిలో ముంచి ముసలితనము తెప్పింతురు. లోటును లోటుగా చూపుటకు ధైర్యము చాలక, సంపూర్ణత కొరకు సత్యమును అమ్ముకొందురు. చరిత్రయందు నిజమైన భక్తి గలవానికి ఖాళీగా మిగిలిన అర కూడ ఒక సాక్ష్యమే. ఇచ్చట ఉండవలసినది పోయినది అని అది చెప్పుచున్నది. పోయినదానిని పోయినట్లు చూపుట పండితుని ధర్మము.

మూడవ సమాధానము సౌందర్యము. రివాల్వరుపై చెక్కిన లతలు, పిడికి పొదిగిన దంతము, చీటిపై అచ్చు అక్షరముల పొందిక, ఇవన్నియు అందమైనవి కావని చెప్పుట అసత్యము. కత్తికి, డాలుకు, విల్లునకు అందము తెచ్చిన దేశమే ఇది. కాని అందము ఒక్కటే కావలసినవాడు తన కోరికను తానే పరీక్షించుకొనవచ్చును. అదే లతలు గల గడియారము, అదే అచ్చు గల ఔషధపు పెట్టె, అదే నక్షత్రములు గల సాదేలి పేటిక అతని కంటికి అంతే అందముగా కనబడుచున్నవా? కనబడినచో అతడు సౌందర్యోపాసకుడే. అట్లుగాక, ఆయుధముపై నున్నందుననే ఆ లత మరింత అందముగా తోచుచున్నచో, అతనిని ఆకర్షించునది లత కాదు. చేతికి అందిన మృత్యువు, తన అదుపులో నున్నదను గర్వమే అతనిని ఆకర్షించుచున్నది. ఆ గర్వము మనుష్య స్వభావమునకు దూరమైనది కాదు. పిల్లవాడు కొయ్యకత్తి పట్టినపుడు కూడ అది మెరయును. దానిని సౌందర్యమని పిలిచి దాచుకొనుట ఆత్మవంచన.

అయినచో సేకరించుట మానవలెనా? హైదరాబాదులోని సాలార్ జంగు సంగ్రహాలయము ఈ ప్రశ్నకు ఒక దారి చూపుచున్నది. మూడవ సాలార్ జంగు మీర్ యూసుఫ్ అలీ ఖాను 1889లో జన్మించి 1949లో మరణించెను. బ్రహ్మచారిగా జీవించి, దేశదేశముల వస్తువులను జీవితకాలమంతయు కూడబెట్టెను. ఆ రాశిలో ఆయుధములు కూడ నున్నవి. ఆతడు పోయిన పిమ్మట 1951 డిసెంబరు 16వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ ఆ సంగ్రహాలయమును ప్రారంభించెను. 1961లో అది జాతీయ ప్రాముఖ్యము గల సంస్థయయ్యెను. 1968లో మూసీ యొడ్డున నేటి భవనమునకు మారెను. వస్తువులు మారలేదు. కాని ఒకని యింట నున్నపుడు అవి 'నావి'. అందరి యెదుట నున్నపుడు 'ఇవి'. ఈ సర్వనామపు మార్పులో నీతి యంతయు ఇమిడియున్నది. మమకారము తొలగినచోట జ్ఞానము నిలుచును. అచ్చటి కత్తి ఎవని గర్వమునకును అంగము కాదు. చూచువాడు దానినుండి తెలిసికొని పోవును, తీసికొని పోడు.

ఈ విచారణవలన సేకరించువానికి మూడు నియమములు తేలుచున్నవి. ఆయుధమును దాని మందుగుండును కలిపి యుంచి సంపూర్ణతయని మురియక, విడివిడిగా ఉంచుట మొదటిది. హేమచంద్రుని సూత్రమును పాండవుల కట్టయు ఈ మాటనే చెప్పినవి. పెట్టెకు తెలిసిన చరిత్రను, జత ఎప్పుడు కట్టబడెనో ఆ సంగతిని, దానిని చేసినవారి కథను దాచక చెప్పుట రెండవది. తన తరువాత అది మరియొకని బీరువాకు గాక లోకము కంటికి చేరునట్లు చూచుట మూడవది. ఈ మూడింటిని పాటించువాని చేతిలో ఆ అట్టపెట్టె గ్రంథమగును. పాటింపనివాని చేతిలో అది అట్టపెట్టెయే. లేదా అంతకంటె కీడైనది.

ఢిల్లీలో రాజఘాటు చెంత జాతీయ గాంధీ సంగ్రహాలయమున ఒక గుండు భద్రపరుపబడియున్నది. 1948 జనవరి 30వ తేదీన మహాత్ముని ప్రాణము తీసిన గుండ్లలో అది ఒకటి. దానితోపాటు ఆయన కట్టుకొన్న, రక్తముతో తడిసిన వస్త్రము లున్నవి. ఆ గుండు ఏ పెట్టెలోనిది, ఆ పెట్టెమీద ఏ సంస్థ చీటి యుండెను, దానికి తగిన జత ఎక్కడ దొరకును అని అచ్చట నిలిచినవాడెవడును అడుగడు. ఆ ప్రశ్నలు నాలుకకు రావు. అది ఎక్కడినుండి వచ్చినదో చెప్పు పెట్టె ప్రక్కన లేదు. ఎక్కడికి పోయినదో చెప్పు వస్త్రము ప్రక్కన ఉన్నది. ఆయుధమునకు నిజముగా జతయైన వస్తువు ఏదియో ఆ యద్దపు పెట్టె తెలుపుచున్నది. సూరతులోనైనను మరెక్కడనైనను ఖాళీ తూటాల పెట్టెను చేతబట్టి ఇందులో ఏమి లోపించినదని వెదకువాడు, అందలి గుండ్లు చేరిన చోటును గూర్చి కూడ ఒక్కమారు తలచినచో, అతని సేకరణకు అంతవరకు లేని అర్థము చేకూరును.